యానాము: స్వాధీనమొకనాడు, దస్తావేజు వేరొకనాడు

అంతర్వేది క్షేత్రమాహాత్మ్యమును గూర్చి వ్రాయగల పెద్దలు మన గ్రామమున పలువురు కలరు. కావున ఈ రజతోత్సవ సంచికకు నేను మన సీమకు రెండవ కొసనున్న యొక చిన్న పట్టణపు చరిత్రను ఎన్నుకొంటిని. వాసిష్ఠి మన యొద్ద సముద్రమున కలియుచున్నది. కోనసీమకు అవతలి అంచున ప్రవహించు గౌతమి గట్టున, ఎదుర్లంకకు ఎదురుగా యానాము కలదు. దాని విస్తీర్ణము ముప్పది చదరపు కిలోమీటర్లు మాత్రమే. అచటి వారు మాటలాడునది మన తెలుగే, వియ్యములు మనతోనే. అయినను భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఏడేండ్లు అచట ఫ్రెంచి పతాకమే ఎగిరినది. అది యెట్లు దిగినది, దిగిన తరువాత కూడ ఎనిమిదేండ్లవరకు హక్కు ఎవరిదను ప్రశ్న ఎందులకు మిగిలినది అను విషయములను తెలిసికొనినచో, రెండు దేశములు యుద్ధము చేయక ఒక తగవును తీర్చుకొనుటలోని శ్రమ ఎట్టిదో మనకు బోధపడును.

మన నదీముఖములు ఐరోపావారి తగవులకు కొత్తవి కావు. మనకు ఎగువగా వాసిష్ఠి ఆవలి గట్టున నున్న నరసాపురమును, దానిని ఆనుకొని యున్న మాధవాయిపాలెమును తలంచుకొనుడు. ఆ మాధవాయిపాలెములో ఇంగ్లీషువారి వర్తకస్థానముండెను. అచటినుండి ఎగుమతియైన నూలుబట్టకు ఐరోపా భాషలలో నేటికిని 'మడపొల్లం' అనియే పేరు. అమలాపురము ప్రాంతమున బండమూర్లంకలో వారికి మరియొక స్థానము, యానాము ప్రక్కనే ఇంజరములో వేరొకటి యుండెను. ఫ్రెంచివారు యానామున 1723లో తొలుత కాలుమోపిరి. కొలదికాలము విడిచిపోయి 1731లో మరల వచ్చిరి. ఇంజరము, యానాము ఇరుగుపొరుగు ఊళ్లు. ఐరోపాలో రెండు రాజ్యములకు పడనప్పుడెల్ల ఇచటి రెండు ఊళ్లకును భయమే.

1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఒప్పగించెను. 1757లో బుస్సీ మాధవాయిపాలెము, బండమూర్లంక, ఇంజరము అను మూడు ఇంగ్లీషు స్థానములను పట్టుకొనెను. మరుసటి యేడు డిసెంబరు మాసమున పిఠాపురము చేరువనున్న చందుర్తి యొద్ద కర్నల్ ఫోర్డు విజయనగరపు ఆనందగజపతి తోడ్పాటుతో ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము కూడ వారి చేజారెను. ఆ తరువాత సర్కారులు ఇంగ్లీషువారికి దక్కుటలో యుద్ధమెంత పనిచేసెనో బేరమును అంతే పనిచేసెను. నిజాము దర్బారులో వారి పక్షమున ఆ సంప్రతింపులు నడపినవాడు మన తెలుగువాడే, కాండ్రేగుల జోగిపంతులు. 1766 నవంబరులో కుదిరిన ఒప్పందము వెనుక ఆయన నేర్పు కలదు. ఆయన ఎవరి మేలుకు ఆ నేర్పును వినియోగించెనని అడుగువారు అడుగవచ్చును. దౌత్యమను విద్య మనకు పరాయిది కాదని చెప్పుటకే ఆయన పేరు నిచట తలచితిని.

సర్కారులన్నియు ఇంగ్లీషువారి పాలైనను యానాము మాత్రము ఫ్రెంచివారికి మిగిలినది. కారణము పారిస్ నగరమున వ్రాయబడిన కాగితము. 1763 నాటి పారిస్ సంధి ననుసరించి ఫ్రెంచివారి వర్తకస్థానములు వారికి తిరిగి వచ్చినవి. మరల యుద్ధము వచ్చినప్పుడు ఇంగ్లీషువారు పట్టుకొనుట, 1783లో వర్సాయి సంధితో వదలుట. ఇంకొక యుద్ధమున మరల పట్టుకొనుట, 1814 నాటి సంధి ననుసరించి కొలది సంవత్సరములకు మరల అప్పగించుట. ఈ కడపటి సంధిలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదనియు, శాంతిభద్రతలకు కావలసినంత పటాలమును మాత్రమే ఉంచుకొనవలెననియు నిబంధన యుండెను. ఆ విధముగ యానాము ప్రజల నొకమారైనను అడుగకయే, మూడు పర్యాయములు వారి యేలికను దూరదేశమున నిర్ణయించిరి. ఈ యొక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. 1954లో వివాదమంతయు దీని చుట్టునే తిరిగినది.

ఫ్రెంచి యానామును గూర్చి మన ప్రాంతమున చెప్పుకొను కథలు చాల. 1929లో శారదా చట్టము వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములు నిషిద్ధములైన పిమ్మట, కోనసీమ నుండియు ఇతర ప్రాంతముల నుండియు పెండ్లివారు అచటికి తరలిపోయిరి. ఆ చట్టము యానామునకు వర్తింపదు గదా! అందుచేత ఆ ఊరికి 'కల్యాణపుర'మను పేరు కూడ వచ్చినది. సంస్కర్తలు తలలు బాదుకొనిరి. బాజాభజంత్రీలవారు మాత్రము సంతోషించిరి. అచటి మంగళవారపు సంత కూడ ప్రసిద్ధము. సరిహద్దనునది లేనిచోట గీత గీచినచో దానిపై బ్రతుకువారు కూడ పుట్టుకొని వచ్చుట లోకసహజము.

అయితే ఫ్రెంచిపాలనను పెండ్లిపందిళ్లతోనే కొలుచుట న్యాయము కాదు. 1880లోనే యానామునకు ఎన్నికైన మునిసిపాలిటీ యేర్పడినది. ఆ స్థావరముల నుండి ఒక ప్రతినిధి పారిస్‌లోని చట్టసభలో కూర్చుండెడివాడు. ఓట్ల జాబితాలలో అన్యాయములును, ఎన్నికలలో దౌర్జన్యములును లేకపోలేదు. అయినను మన పల్లెలలో సామాన్యునికి ఓటన్న మాట తెలియని దినములలో వారికది యుండెను. కాబట్టియే 1947 తరువాత 'మీరెల్లరు మాలో కలిసిపొండు' అని ఇవతలి గట్టువారు పిలిచినప్పుడు, అచటివారందరును ఒక్క గొంతుకతో 'సరే' యనలేదు. ఉద్యోగము, పింఛను, వర్తకము, పెద్దరాష్ట్రములో ఒక మూలకు నెట్టబడుదుమేమోనను భయము, ఇవన్నియు అచటి మనుష్యులను వెనుకకు లాగినవి. వారిని దేశద్రోహులని తీసివేయుట సులభమే గాని చరిత్రకారునకు తగదు.

ఢిల్లీ, పారిస్ ప్రభుత్వములు మొదట సామరస్యముగనే ఆరంభించినవి. 1948 జూన్‌లో ఫ్రెంచి స్థావరముల భవిష్యత్తును ఆయా ప్రజలే ఓటు మూలమున నిర్ణయింపవలెనని ఒప్పుకొనిరి. 1949 జూన్ 19వ తేదీన కలకత్తా చెంతనున్న చంద్రనగరులో ఓటింపు జరిగినది; ఏడువేలకు పైగా ఓట్లు భారతదేశమునకు, వ్యతిరేకముగ 114 మాత్రము పడినవి. ఆ పట్టణము 1950లో చేతులు మారినది. మిగిలిన పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములలో మాత్రము ఓటింపు జరుగలేదు. ఓటరు జాబితాలు ఎవరు తయారు చేయవలెను, పోలీసు ఎవరిది కావలెను అనుచోట మాటలు తెగినవి. ఫ్రెంచి అధికారుల నీడలో ఓటు స్వేచ్ఛగ సాగదని భారతప్రభుత్వము వాదించినది. ఓటు లేక భూభాగమును విడిచిపెట్టుటకు తమ రాజ్యాంగమే ఒప్పదని ఫ్రెంచివారు చెప్పిరి. నిజమునకు వారి రాజ్యాంగమున అట్టి నిబంధన కలదు: సంబంధించిన ప్రజల సమ్మతి లేనిదే ఏ భూభాగమును ధారాదత్తము చేయుట చెల్లదు. రెండు వాదములలోను సత్యముండెను. తగవులు ముదురునది సాధారణముగ నిట్టిచోటులనే.

ఈ నడుమ సరిహద్దుల వద్ద సుంకపు కంచెలు లేచినవి. రాకపోకలకు పర్మిట్లు వచ్చినవి. 1954 మార్చిలో పుదుచ్చేరి పురపాలక ప్రముఖులు ఓటింపు లేకుండగనే విలీనము కావలెనని తీర్మానించిరి. అంతవరకు ఫ్రెంచివారి పక్షమున నిలిచిన ఎడ్వర్డు గుబేరు అను నాయకుడు పక్షము మార్చి, ఆ నెలాఖరున నెట్టపాక్కములో భారత పతాకము నెత్తెను. మే మాసమున పారిస్‌లో ఉభయప్రభుత్వముల ప్రతినిధులు చర్చలకు కూర్చుండిరి. జూన్ మొదటివారమున అవి విఫలమైనవి.

చర్చలు తెగిన వార్త వచ్చిన కొలది దినములకే మన గౌతమి గట్టు కదిలినది. దడాల రఫేల్ రమణయ్యగారు యానాము ప్రాంతపు వారే; పుదుచ్చేరి పోలీసుశాఖలో ఉద్యోగము చేసి, దానిని విడిచి ఉద్యమమున చేరినవారు. ఆయన కాకినాడను కేంద్రముగ చేసికొని స్వచ్ఛంద సేవకులను కూడగట్టిరి. 1954 జూన్ 13వ తేదీ, ఆదివారము నాడు ఆయన నాయకత్వమున ఆ దళములు యానామున ప్రవేశించి, పరిపాలనా భవనమును వశము చేసికొని, భారత పతాకము నెగురవేసినవి. అనంతరము యానాము తన్నుతాను విముక్తమైనదిగా ప్రకటించుకొనెను. ఇది సభ పెట్టి తీర్మానము చేసినంత మెత్తని కార్యము కాదు. దీనిని సంపూర్ణముగ శాంతియుతమని వ్రాయుట సత్యమునకు అన్యాయము. జూలై 16న మలబారు తీరమున మాహే కూడ ఫ్రెంచివారి చేతినుండి జారినది.

ఇచట చరిత్ర రెండు త్రోవలుగ చీలిపోవచ్చును. అదే వేసవిలో, జూలై మాసాంతమున, పశ్చిమతీరమున దాద్రా, నగర్ హవేలీలలో ఇట్టి సంఘటనయే జరిగినది. అచట పోర్చుగీసు పాలకులుండిరి. వారు చర్చకు రాలేదు. మరుసటి సంవత్సరము హేగు నగరమునందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు వెళ్లిరి. 1960వరకు వ్యాజ్యము నడిచినది. గోవా విషయమై వారు ససేమిరా యనగా, 1961 డిసెంబరున భారతసేనలు కదలవలసి వచ్చినది. యానాము విషయమున ఫ్రాన్సు సైన్యము పంపవచ్చును, కోర్టుకెక్కవచ్చును. కాని అట్లు చేయలేదు. ఏలనో చూతము.

ఆ సంవత్సరము మే 7వ తేదీన ఇండోచైనాలో దియెన్ బియెన్ ఫూ కోట కూలినది. ఎనిమిదేండ్ల యుద్ధముతో ఫ్రాన్సు అలసిపోయినది. జూన్ 18న, అనగా యానాము సంఘటన జరిగిన అయిదవ దినమున, మెండెస్ ఫ్రాన్స్ ప్రధానమంత్రి యయ్యెను. నెలదినములలో ఇండోచైనాకు సంధి తెచ్చెదను, లేనిచో తప్పుకొందునని ఆయన ప్రతిజ్ఞ చేసెను. జూలై 20, 21 తేదీల నడుమ జెనీవాలో ఆ సంధి కుదిరినది. భారతదేశము ఆ సమావేశమునకు సభ్యదేశము కాదు. అయినను కృష్ణమేననుగారు అచటనే యుండి ఒక పక్షమునుండి మరియొక పక్షమునకు తిరుగుచు మాట కలిపిరి. వియత్నాము, లావోసు, కంబోడియాలలో ఆయుధములు దిగినవో లేదో చూచుటకు ఏర్పడిన అంతర్జాతీయ పర్యవేక్షక సంఘములకు కెనడా, పోలెండులతో కలిసి భారతదేశమే అధ్యక్షత వహించినది. తన సేనలు క్షేమముగ మరలివచ్చుటకు ఎవరి తటస్థత ఫ్రాన్సునకు అవసరమో, ఆ దేశముతోనే చిన్న స్థావరముల కొరకు తగవు పెంచుకొనుట వివేకము కాదని మెండెస్ ఫ్రాన్స్ గ్రహించెనని నా నమ్మకము. యానాము రేవున తెగిన చిక్కుముడి కొస వియత్నాము వరిచేలలో నుండెననిన అతిశయోక్తి యనిపించవచ్చును గాని, తేదీలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి అట్లు తోపదు.

మిగిలిన చిక్కు ఓటింపు. ప్రజల సమ్మతి లేనిదే ఇచ్చుట ఫ్రెంచివారికి చెల్లదు. పూర్ణమైన ప్రజాభిప్రాయ సేకరణకు భారతప్రభుత్వ మొప్పుకొనలేదు. చివరకు మధ్యేమార్గము దొరకినది. ప్రజలు లోగడ ఎన్నుకొన్న ప్రతినిధులే ప్రజల పక్షమున ఓటు వేయవలెను. 1954 అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరి ప్రాంతమున కీళూరను పల్లెలో 178 మంది ప్రతినిధులు కూడిరి. విలీనమునకు 170, వ్యతిరేకముగ 8 ఓట్లు వచ్చినవి. మూడవనాడు, అక్టోబరు 21న, ఢిల్లీలో ఒప్పందముపై సంతకములైనవి. నవంబరు 1న ఫ్రెంచి ప్రతినిధి పియేర్ లాందీ పరిపాలనను భారతప్రతినిధి కేవల్ సింగుగారికి ఒప్పగించెను. యానామున జూన్‌లో జరిగినదానికి అప్పుడు రెండు ప్రభుత్వముల అంగీకారము లభించినది.

కీళూరు ఓటు ప్రతి గృహస్థుని ఓటుకు సమానము కాదు. చంద్రనగరమున సామాన్యుడు స్వయముగ ఓటు వేసెను. ఇచట అతని పేరిట వేరొకరు వేసిరి. ఇది లోపమే. కాని ఆ యెనిమిది ఓట్లు కూడ లెక్కింపబడి, దాచిపెట్టక ప్రకటింపబడినవి. 1763లోను 1814లోను పారిస్ బల్లపై యానామును చేతులు మార్చినప్పుడు ఆమాత్రపు లెక్కయు లేదు గదా.

ఇక దస్తావేజు సంగతి. మన ప్రాంతపువారికి సుబోధమైన ఉపమానము చెప్పెదను. కొబ్బరితోట విషయమై ఇరువురికి ఒడంబడిక కుదిరినది. తోట స్వాధీనము చేసిరి. దింపు దించుకొనుట, కాలువ నీరు పెట్టుకొనుట క్రొత్తవానిదే. రిజిస్ట్రేషను మాత్రము తరువాత. అంతవరకు కాగితముపై పాతవాని పేరే నిలిచియుండును. 1954 నవంబరు 1న జరిగినది స్వాధీనము. హక్కు బదిలీ చేయు సంధిపత్రముపై 1956 మే 28న ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూగారును, ఫ్రెంచి రాయబారి ఆస్ట్రోరోగును సంతకములు చేసిరి. అంతటితోనైనను రిజిస్ట్రేషను పూర్తి కాలేదు. ఫ్రెంచి చట్టసభ ఆమోదింపవలెను. అప్పటికే అల్జీరియాలో యుద్ధము రగులుచున్నది. ఒకచోట విడిచితిమని ఒప్పుకొనినచో మరియొకచోట మాట పడవలసివచ్చునను భయముతో పారిస్ ప్రభుత్వము దానిని పక్కన పెట్టెను. 1962 మార్చిలో ఎవియన్ ఒప్పందముతో అల్జీరియా యుద్ధము ముగిసిన పిదపనే దానికి కదలిక వచ్చినది. ఆ జూలైలో ఫ్రెంచి చట్టసభ ఆమోదించినది. 1962 ఆగస్టు 16న ఆమోదపత్రములు చేతులు మారినవి.

ఆ ఎనిమిదేండ్లు భారతప్రభుత్వము ఓపిక పట్టినది. స్వాధీనము మనదేయైనప్పుడు కాగితముతో పనియేమని అనవచ్చును; పలువురు అనిరి కూడ. కాని దస్తావేజు లేని తోట సంగతి రెండవ తరములో తెలియును. ఆ సంధిపత్రములోని నిబంధనలు చదివినచో వేచియుండుట వ్యర్థము కాలేదని తెలియును. మొదటి నిబంధన పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములను సంపూర్ణ సార్వభౌమత్వముతో భారతదేశమునకు ఇచ్చుచున్నది. రెండవది ఈ వ్యాసమునకు ప్రాణము: 1954 నవంబరు 1కి పూర్వము అచట నడిచిన ప్రత్యేక పరిపాలన కొనసాగవలెను, దానిని మార్చదలచినచో ప్రజల యభీష్టమును తెలిసికొనిన తరువాతనే మార్చవలెను. అచటి ఫ్రెంచి పౌరులలో భారతపౌరత్వము వలదనువారు ఆరుమాసములలో ఆ మాట వ్రాసియిచ్చి ఫ్రెంచి పౌరులుగ నిలువవచ్చును. అచటి ఎన్నికైన ప్రతినిధులు వేరుగ నిర్ణయింపనంతవరకు ఫ్రెంచి భాషకు ఆధికారిక స్థానముండును. ఓడినవాని ముఖము చూచి వ్రాసిన సంధియిది. గెలిచినవాడు ఇంత మెత్తబడనేల యని రోషపడువారికి సమాధానము చెప్పలేను గాని, ఈ మెత్తదనము చేతనే ఫ్రెంచి పక్షమున నిలిచిన కుటుంబములు కూడ యానామును విడిచి పారిపోవలసిన యవసరము లేకపోయినది.

'యానాము తెలుగుదే గదా, ఆంధ్రప్రదేశములో ఏల చేర్చరు?' అని మన పఠనమందిరమున తరచు వినబడు ప్రశ్న. 1956 నవంబరులో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడునప్పటికి యానాము హక్కు ఇంకను ఫ్రాన్సు పేరిటనే యుండెను. హక్కు వచ్చిన తరువాత రెండవ నిబంధన అడ్డువచ్చినది. 1962లో రాజ్యాంగమునకు పదునాలుగవ సవరణ చేసి నాలుగు స్థావరములను కలిపి కేంద్రపాలిత ప్రాంతముగ చేసిరి. 1963లో దానికొక శాసనసభ వచ్చినది. యానామునకు అందొక స్థానము కలదు. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయిగారు ఈ ప్రాంతములను ఇరుగుపొరుగు రాష్ట్రములలో కలుపవలెనని తలంచినప్పుడు పుదుచ్చేరిలో ప్రజలు పెద్దయెత్తున తిరుగబడిరి. ఆ ప్రతిపాదన ఆగిపోయినది. ప్రజలనడుగవలెనను వాక్యమును ఢిల్లీవారు మరచినను పుదుచ్చేరివారు మరువలేదు.

ఎదుర్లంకకును యానామునకును నడుమ ఒకప్పుడు పడవదాటు తప్ప గతి లేదు. 2002లో గౌతమిపై వంతెన తెరువబడినది. మన అమలాపురము నుండి లోకసభ కెన్నికై సభాపతియై, ఆ సంవత్సరమే దివంగతులైన బాలయోగిగారి పేరు దానికి పెట్టిరి. ఇప్పుడు కోనసీమ నుండి యానామునకు పోవువారికి సరిహద్దు కనబడదు, నది మాత్రమే కనబడును. కాని ఆగస్టు నెలలో పోయినవారు ఒక వింత గమనింపవచ్చును. 15వ తేదీన అచటను మనవలెనే స్వాతంత్ర్య దినోత్సవము చేసికొందురు. మరునాడు మన కచేరీలు తెరచియుండును, అచటివి మూసియుండును. ఏమని అడిగినచో, దస్తావేజు రిజిస్టరైన దినమని చెప్పుదురు.